భూకంపం వచ్చినప్పుడల్లా వినపడే చెడ్డ సలహాలు

ఎక్కడ భూమి కంపించినా మర్నాటికల్లా మన మధ్య కొన్ని సలహాలు చక్కర్లు కొడతాయి. చెప్పేవాళ్లు మంచికే చెబుతారు. కానీ నమ్మితే ప్రాణాల మీదికొస్తుంది కాబట్టి, అవేమిటో, వాటినెందుకు నమ్మకూడదో చెబుతాను.

"రిక్టర్ అంకె చూస్తే చాలు, నష్టమెంతో తెలిసిపోతుంది."

తెలియదు. 2010 జనవరి 12న హైతీలో వచ్చిన భూకంపం 7.0. ఆరు వారాల తర్వాత చిలీలో వచ్చింది 8.8. విడుదలైన శక్తి లెక్కన అది దాదాపు 500 రెట్లు పెద్దది. చిలీలో సునామీతో కలిపి పోయినవాళ్లు 500 పైచిలుకు. హైతీలో ఎందరు పోయారో ఇప్పటికీ లెక్క తేలలేదు. చాలా అంచనాలు లక్ష దాటాయి, ప్రభుత్వం మూడు లక్షల పైమాటే అంది. హైతీ కంపం రాజధానికి బాగా దగ్గరలో వచ్చిన మాట నిజమే. అయినా ఇంత తేడాకు అదొక్కటే కారణం కాదు. చిలీలో కట్టడం కూలితే మొదట అమ్మిన యజమాని పదేళ్ల దాకా జవాబుదారీ. హైతీలో అడిగే నాథుడే లేడు.

"డబ్బు ఎక్కువ పోయిన దేశమే ఎక్కువ దెబ్బతిన్నట్టు."

చిలీ నష్టం సుమారు 3,000 కోట్ల డాలర్లు, హైతీది 780 కోట్లు. కానీ చిలీకి అది ఏడాది జాతీయోత్పత్తిలో ఐదో వంతు కూడా కాదు. హైతీకి ఏడాది ఉత్పత్తి మొత్తాన్నీ మించిపోయింది. ఎవరు మళ్లీ లేచి నిలబడగలరో ఈ లెక్క చెబుతుంది, డాలర్ల మొత్తం చెప్పదు.

"దేశం బాగుపడితే ఇళ్లు వాటంతటవే గట్టిపడతాయి."

నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోచేది ఇదే. తుర్కియే పేద దేశం కాదు. 1999 భూకంపంలో వేలమందిని పోగొట్టుకున్నాక నిబంధనలూ బిగించింది. 2018లో మాత్రం రుసుము కట్టించుకుని అక్రమ కట్టడాలకు ఆమోదముద్ర వేసింది, మన క్రమబద్ధీకరణ పథకాల్లాగే. 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపాల్లో అక్కడ 50 వేలమందికి పైగా చనిపోయారు. కూలినవాటిలో కొత్త అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. బాగా దెబ్బతిన్న హతాయ్ రాష్ట్రంలోనే ఎర్జిన్ అనే చిన్న పట్టణంలో ఒక్క ప్రాణం పోలేదు. అక్రమ కట్టడాలను సాగనివ్వలేదని అక్కడి మేయర్ చెప్పాడు. నేల గట్టిదనం కూడా కాపాడిందని నిపుణులన్నారు. రెండూ నిజమే కావచ్చు. ఆంబ్రసీస్, బిల్హమ్ అనే శాస్త్రవేత్తలు 2011లో మూడు దశాబ్దాల మరణాలను పరిశీలించారు. భూకంపాల్లో కట్టడాలు కూలి చనిపోయినవారిలో 83 శాతం మంది, ఆదాయాన్ని బట్టి ఊహించేదానికన్నా అవినీతి ఎక్కువున్న దేశాలవాళ్లేనని తేల్చారు. అంటే డబ్బు రావడం ఒక ఎత్తు, అది పునాదిలోకి చేరడం ఇంకో ఎత్తు.

"రాతి గోడలు వద్దు, పిల్లర్లు వేసి స్లాబు పోస్తే భయం లేదు."

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మరాఠ్వాడాలోని కిల్లారి ప్రాంతంలో మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. దాదాపు పది వేలమంది పోయారు. అప్పట్నించీ అందరి నోటా ఇదే సలహా. కానీ 2001లో భుజ్ భూకంప కేంద్రానికి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో, కింద పార్కింగుకు ఖాళీగా వదిలిన అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి. అవి పిల్లర్ల మీద కట్టినవే.

పిల్లరు ఉంటే చాలదు, అందులో నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగుల్ని చూడండి. వాటి కొసలు 135 డిగ్రీలు వంగి, కాంక్రీటు లోపలికి దిగాలి. పనివాళ్లు తొందరలో 90 డిగ్రీలు వంచి వదిలేస్తే, ఊపుకు పై పెచ్చు ఊడగానే ఆ కొసలు తెరుచుకుంటాయి. రింగు విడిపోతుంది, నిలువు కడ్డీలు బయటికి వంగుతాయి, పై స్లాబులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఆ వంపుకు అదనంగా పట్టేది కాస్త ఇనుము, కాస్త ఓపిక.

"మన వైపు రాదులే."

1967లో ఒంగోలులో వచ్చింది. 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో వస్తే హైదరాబాద్‌లోనూ తెలిసింది.

ఇల్లు కట్టిస్తున్నారా? కాంక్రీటు పోశాక లోపల ఏముందో ఎవరికీ కనపడదు. పోయకముందే ఇంజనీరును వెంటబెట్టుకెళ్లి ప్రతి పిల్లరు రింగులూ చూపించండి. అపార్ట్‌మెంటు కొంటుంటే నిర్మాణ డ్రాయింగులు అడగండి. మీ వీధిలో అనుమతి లేకుండా ఇంకో అంతస్తు లేస్తుంటే మునిసిపాలిటీకి రాసి ఇవ్వండి.