మా రోజుల్లో బ్యాటరీ బెంగ మాకుండేది

ఇంట్లోకి అడుగు పెట్టీపెట్టగానే కాళ్లు కడుక్కునేది లేదు, మంచినీళ్లు అడిగేది లేదు, "తాతయ్యా, ప్లగ్గెక్కడ?" ఇదిరా మీ పలకరింపు! 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ అని గొప్పలు, దీపాల వేళకి ఎర్రగీత. 2003లో నోకియా 1100 వచ్చినప్పుడు దాని బ్యాటరీ 850. దాంతోనే నాలుగైదు రోజులు లాగేది, కరెంటు పోతే టార్చిలైటూ అదే.

అసలు సెల్‌ఫోన్లు రాకముందు ఫోనుకి ఛార్జింగన్న మాటే లేదు. టెలిఫోన్ ఎక్స్చేంజీలో పనిచేసినవాణ్ణి, నాకు తెలియదా? బ్యాటరీ రూములో రెండేసి వోల్టుల సెల్లులు 24 వరసగా ఉండేవి. పొద్దున్నే హైడ్రోమీటరు ముంచి చూసి, రీడింగు రిజిస్టరులో ఎక్కించి, మట్టం తగ్గినదాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్లం. ఆసిడ్ చింది చొక్కాలకి చిల్లులు. ఆ 48 వోల్టులే రాగితీగ వెంట ఇంటింటికీ వెళ్లేవి. గాలివానకి ఊరంతా చీకటైపోయినా, తీగ తెగనంతవరకూ రిసీవరెత్తితే డయల్ టోన్ వినబడేది. బ్యాటరీ సంగతి మేం చూసుకునేవాళ్లం, జనానికి మాట్లాడుకోవడమే పని. ట్రంక్ కాల్ బుక్ చేసి పూటంతా కాచుకునేవాళ్లు, అది కష్టమే, కాదనను. కానీ ఆ పూటంతా ఏం చెప్పాలో ఆలోచించుకునేవాళ్లు. మీరేమో వీడియోలో మొహాలు చూసుకుంటూ "ఇంకేంటి" అంటే "నువ్వే చెప్పాలి" అనుకుంటారు.

ఇప్పుడా బెంగ మీ జేబులోకొచ్చి పడింది. వచ్చిందని వెంటనే బ్యాటరీ సేవర్ నొక్కేస్తావు. అది చేసేదేమిటో ఎప్పుడైనా చూశావా? తెరవెనక యాప్‌లని నెట్ జోలికి పోనివ్వదు. బ్యాటరీ మిగులుతుంది, మీ అమ్మ మధ్యాహ్నం పెట్టిన మెసేజీ ఒక్కోసారి రాత్రికి చేరుతుంది.

రోగం ఒకటైతే మందొకటి వేస్తున్నావురా. మన ఊళ్లో సిగ్నల్ ఒక్క గీత. టవరు దూరమైనకొద్దీ ఫోను పవర్ పెంచుకుని పంపాలి, కాలవ అవతలి గట్టు మీదున్నవాణ్ణి పిలవాలంటే గొంతు చించుకోవాలి కదా, అలాగన్నమాట. 2022 అక్టోబరులో మన దేశంలో ఈ 5జీ ఒకటి దిగింది. చాలాచోట్ల అది 4జీని ఆసరా చేసుకునే నడుస్తుంది, రెండింటితోనూ లంకె పెట్టుకోవాలి. వస్తూ పోతూ ఉన్నచోట దాన్ని వెతుక్కోవడానికే ఛార్జింగ్ ఖర్చు. పైగా చిన్న నోటిఫికేషన్ వచ్చినా లోపలి రేడియో పని కాగానే పడుకోదు, కొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది. డిస్కౌంటుందని చీరల కొట్టు యాప్ మాటిమాటికీ దాన్ని లేపుతుంటే ఇక బ్యాటరీ నిలుస్తుందా?

అందుకని చెప్పింది విను. ఊరికొచ్చినప్పుడు సెట్టింగ్స్‌లోకి పోయి 4జీకి మార్చుకో. ఇంట్లో వైఫై ఉంది, వైఫై కాలింగ్ ఆన్ చెయ్యి. సిగ్నల్ అసలే లేని దారిలో ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు. అంగడి యాప్‌ల నోటిఫికేషన్లు ఆపెయ్యి. ఇవన్నీ అయ్యాక కూడా సేవర్ కావాలంటే పెట్టుకో నాయనా, మీ అమ్మ మెసేజీలొచ్చే యాప్‌ని మాత్రం దాన్నుంచి మినహాయించు.