రవ్వంత తక్కువ: టీకాతాత్పర్య సహితము

అవతారిక: నందివిగ్రహమునకుఁ బీఠము చేయింపఁగోరి నంద్యాలనుండి ఆళ్లగడ్డకు వచ్చిన యొక గృహస్థు, శిల్పశాల ముంగిట నడుగు చదరముగాఁ జెక్కిన రాతిపలకను జూచి ప్రశ్నింపఁగా, మేస్త్రి యులిని దింపక చెప్పిన యుత్తరమే యిచ్చట వ్యాఖ్యేయము.

మూలము: “మూలకు మూల ఎంతొస్తాది?”
“పదిహేడంగుళాలకు రవ్వంత తక్కువప్పా.”

టీక: మూలకు మూల = కర్ణము; పదిహేడు = తనచేతను, ఒకటిచేతను తక్క మఱి యే పూర్ణసంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపఁబడని ప్రధానసంఖ్య (నంద్యాల నవనందుల తొమ్మిదియు, అహోబిల నవనారసింహుల తొమ్మిదియు మూఁడు మూళ్లుగా విడిపోవును గనుక, ఎంత పూజ్యములైనను ఈ బిరుదమునకుఁ బాత్రములు గావు); అంగుళము = అడుగునఁ బండ్రెండవ పాలు; తక్కువ = న్యూనము; అప్పా = పాదపూరణమని కొందఱు, కొనవచ్చినవాని ననునయించుటకని మఱికొందఱు; రవ్వంత = దీనికొఱకే యీ వ్యాఖ్యానమంతయు.

తాత్పర్యము: భుజము పండ్రెండంగుళములు గనుక దాని వర్గము 144, కర్ణవర్గము అందుకు రెట్టింపు, 288, పదిహేడు వర్గమో 289. ఎక్కువైన యీ యొక్కటియే మేస్త్రి రవ్వకు హేతువు. బౌధాయనుఁడును శుల్బసూత్రమున, భుజమునకు దాని మూఁడవ వంతును, ఆ వంతులో నాలుగవ వంతును జేర్చి, కడపటిదానిలో ముప్పదినాలుగవ వంతును దగ్గింపుమనెను. మన పలకకు 12, 4, 1 చేర్పఁగాఁ బదిహేడు. తగ్గింపవలసినది అంగుళములో ముప్పదినాలుగవ పాలు. అప్పటికిని అది యించుమించు కొలతయే.

పూర్వపక్షము: మఱింత సన్నని గీతల కొలబద్దతోఁ గొలిచిన లెక్క తేలదా?

సిద్ధాంతము: తేలదు. రెండు పూర్ణసంఖ్యల భిన్నముగా వ్రాయనగునది అకరణీయసంఖ్య. భుజమునకుఁ గర్ణ మెన్ని రెట్లో తెలుపు సంఖ్య యట్టిదే యైనచో, ఒక పూర్ణసంఖ్య వర్గము వేఱొక పూర్ణసంఖ్య వర్గమునకు సరిగా రెట్టింపు కావలెను. కాని యే సంఖ్యనైనను ప్రధానసంఖ్యల లబ్ధముగా విడఁదీసి వర్గము చేసినచో, అందు రెండు సరిమారులే వచ్చును. రెట్టించినంతనే మఱియొక రెండు చేరి బేసిమారులగును. సరి బేసితో నెన్నఁడును సమానము గాదు. కావున రెండు యొక్క వర్గమూలము కరణీయసంఖ్యయే.

ఫలశ్రుతి: పదిహేడని ఖండితముగాఁ జెప్పువానికంటె, రవ్వంత తక్కువయన్న యీ మేస్త్రికే బయానా యిచ్చుట యుక్తము.