పాత కొలువుల పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
పాత కొలువులెల్ల పత్రమందుంచగా
ఒల్లకున్న దోషముండదయ్య
చేయనట్టి కొలువు చేర్చి చూపితివేని
ఖాత తెరచి వారు కనుగొనెదరు

టీక: పాత కొలువులు ఎల్ల = డిగ్రీ అయ్యాక మాదాపూర్ కాల్ సెంటర్లో నాలుగు నెలల నైట్ షిఫ్టు, అది మానేశాక బాబాయి మెడికల్ షాపులో కౌంటరు, ఆపైన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఇవన్నీ; పత్రము అందు = రెజ్యూమెలో; ఉంచగా ఒల్లకున్న = పెట్టడం ఇష్టం లేకపోతే; దోషము ఉండదు అయ్య = తప్పేం లేదు నాయనా; చేయనట్టి కొలువు = ఆఫీసు గేటు కూడా చూడని ఉద్యోగం; చేర్చి చూపితివేని = అతికించి చూపిస్తే; ఖాత తెరచి = పీఎఫ్ ఖాతా తీసి; వారు = హెచ్చార్ వారు (పేరెత్తడానికి కవికి భయం కాబోలు); కనుగొనెదరు = పట్టేస్తారు.

విశేషాలు: మొదటి పాదం చివర 'ఉంచగా', రెండో పాదం మొదట 'ఒల్లకున్న'. మధ్యలో సంధి చేయలేదేమని లాక్షణికులు ఆక్షేపిస్తారు. అది విసంధి దోషం కాదు, కెరీర్ గ్యాప్.

'ఖాత' అంటే బ్యాంకు ఖాతా అనుకునేవారున్నారు. పొరపాటు. ఒకప్పుడు కంపెనీ మారితే పీఎఫ్ నంబరూ మారేది. ఏ కంపెనీ కథ ఆ కంపెనీదే. 2014లో యూఏఎన్ వచ్చాక మనిషికి 12 అంకెల నంబరు ఒక్కటే. ఎన్నిచోట్ల చేసినా చేరిన తేదీ, మానేసిన తేదీ సర్వీస్ హిస్టరీలో వరసగా కూర్చుంటాయి. మూడేళ్లు చేశానన్న పెద్ద కంపెనీ పేర ఒక్క నెల జమ కూడా లేకపోతే జవాబు చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు.

మరి వదిలేసిన కాల్ సెంటరూ అందులో కనిపిస్తుంది కదా అంటే, కనిపిస్తుంది. కనిపిస్తే ఏం? రెజ్యూమె కావ్యం, ఏది ఉంచాలో ఏది తీయాలో కవి ఇష్టం. ఆఫర్ వచ్చాక నింపమనే వెరిఫికేషన్ ఫారం మాత్రం వాంగ్మూలం, కింద సంతకం కూడా ఉంటుంది. 'గత ఉద్యోగాలన్నీ' అని అడిగిన గడిలో ఆ నాలుగు నెలలూ రాయాల్సిందే. చాలామంది రెజ్యూమెలో అన్నీ కుక్కి, ఫారం దగ్గర సిగ్గుపడతారు. ఎంత విడ్డూరం!

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మన కవి ఆ రెండు మాటల్నీ తిరగేసి, రెండేసి పాదాల్లో ఇరికించాడు.

పాఠాంతరం: అమీర్‌పేటలో దొరికే కొన్ని ప్రతుల్లో చివరి రెండు పాదాలు లేవు. లేఖక దోషం అనుకోను.

తాత్పర్యం: టెస్టింగ్ ఉద్యోగానికి వెళ్లేవాడు మెడికల్ షాపు మాట ఎత్తనక్కర్లేదు. మందుల కంపెనీ రెప్‌గా వెళ్లేవాడు దాన్నే పైన పెట్టుకోవాలి. ఆ షాపులో 20 మంది పనివాళ్లు ఉండరు కాబట్టి పీఎఫ్ ఉండదు. బాబాయి నోటి మాటే సాక్ష్యం. వెరిఫికేషన్ వాళ్లు ఫోన్ చేసినప్పుడు "మావాడేనండీ, ఒకచోట కుదురుగా కూర్చోడు" అని ఆయన మురిసిపోకుండా ముందే చెప్పి ఉంచుకోవాలి.