ఊడితే ఒట్టు

సంగీతానికో డాన్సుకో పంపినట్టే మా విజయవాడలో ఇప్పుడు పిల్లల్ని విలువిద్యకు పంపుతున్నారు. మా ఊరి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి మూడు స్వర్ణాలు పట్టుకొచ్చాక, ప్రతి తల్లికీ తండ్రికీ తమ పిల్లల భుజాల్లో ఏదో మహత్తు కనిపిస్తోంది. మా అమ్మాయి భుజాల్లో మాకూ కనిపించింది. గురి చూడటం పిల్లకి కోచ్ నేర్పుతారు. బాణాల రిపేరు తండ్రికి నేర్పే నాథుడే లేడు.

కార్బన్ బాణమంటే ఓ సన్నటి నల్ల గొట్టం. వెనక వింటినారికి తగిలించే నాక్, దాని ముందు మూడు ప్లాస్టిక్ ఈకలు. ముందు కొసన, గొట్టం లోపల, ఇన్సర్ట్ అనే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది. అందులో మర ఉంటుంది. మొన వచ్చి ఆ మరలో బిగుసుకుంటుంది. మొన మొద్దుబారితే విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. ఇన్సర్ట్‌కి మాత్రం జిగురే దిక్కు. జిగురు బలహీనపడిందా, టార్గెట్ లోంచి బాణాన్ని లాగినప్పుడు గొట్టం మన చేతికొస్తుంది, మొనా ఇన్సర్టూ అక్కడే కాపురం పెడతాయి.

మా అమ్మాయి బాణాలు వరసపెట్టి ఆ పని చేస్తుంటే మా బామ్మర్ది రంగంలోకి దిగాడు. "బావా, నువ్వు పక్కకి జరుగు" అన్నాడు. రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు తెచ్చాడు, కలిపాడు, డజను బాణాలకీ దట్టించాడు. "ఇక ఊడితే ఒట్టు" అని కాఫీ తాగి వెళ్లిపోయాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు, ఊడలేదు. కానీ వెనక నాక్‌లు తీయకుండా ముందునుంచి ఇన్సర్ట్‌లు దూర్చాడు. లోపలి గాలికి బయటికి దారేదీ? జిగురు ఆరేలోపు ఆ గాలి ఒక్కో ఇన్సర్ట్‌నీ తన ఇష్టమొచ్చినంత ముందుకు నెట్టింది. కోచ్‌గారు ఒక బాణాన్ని రెండు గోళ్ల మీద ఆనించి గిర్రున తిప్పారు. మొన గజగజ వణికింది. "ఇది నేరుగా పోదు సార్. పోటీల్లో కాంపౌండ్ విల్లుతో 50 మీటర్ల నుంచి కొట్టాలి. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డంగా కొలిస్తే 8 సెంటీమీటర్లే. అన్నీ పీకించి మళ్లీ వేయించండి" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ తమ్ముణ్ని వెనకేసుకొచ్చింది. "మావాడు ఏది చేసినా గట్టిగా చేస్తాడండీ!" గొడవంతా ఆ గట్టితనంతోనే అని ఆవిడకెలా చెప్పను?

కింది ఫ్లాట్‌లోని రిటైర్డ్ ఇంజినీరుగారు బాణాన్ని కళ్లజోడు పైకెత్తి పరిశీలించి, "గ్యాస్ పొయ్యి మీద పెట్టండి, జిగురు దానంతటదే కరుగుతుంది" అని తేల్చేశారు. వేడికి జిగురు మెత్తబడే మాట నిజమే. కానీ కార్బన్ పోగుల్ని కలిపి ఉంచేది కూడా రెజిన్ అనే జిగురే. మంటకి మన జిగురేదో కంపెనీ జిగురేదో తెలియదు. రెజిన్ మాడితే పొరలు విడిపోతాయి. అలాంటి బాణాన్ని వింట పెట్టి వదిలితే విరిగి, చీలికలు విల్లు పట్టుకున్న చేతిలోనే దిగొచ్చు.

స్కూటర్ మెకానిక్ ఇంకో అడుగు ముందుకేశాడు. "వైస్‌లో బిగించి ఒక్క గుంజు గుంజుదాం సార్." కార్బన్ గొట్టం బలమంతా నిలువునే. పక్కలనుంచి నొక్కితే చిట్లుతుంది. ఆయన చేతిలోంచి బాణాన్ని మర్యాదగా వెనక్కి తీసుకున్నాను.

ఖాండవ దహనం వేళ అగ్నిదేవుడే వరుణుణ్ని అడిగి అర్జునుడికి గాండీవం, అక్షయ తూణీరాలు ఇప్పించాడు. బాణాలు తరగవు కాబట్టి ఆయనకి ఇన్సర్ట్‌లు పీకే ఖర్మ పట్టలేదు. మన దగ్గరికొచ్చేసరికి అగ్ని ఉన్న బాణాల్నే తగలబెడతానంటాడు. చివరికి కరుణించేది వరుణుడే. నీళ్లు ఎంత మరిగినా నూరు డిగ్రీలు దాటవు మరి.

మైదానంలో బాణాలు బాగుచేసే కుర్రాడు చూపించిన పద్ధతి ఇది. పాత మొన ఒకటి మరలో బిగించి, ఆ కొసని మాత్రమే వేడినీళ్లలో ఉంచాలి. మొనని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, బిగించే వైపే తిప్పుతూ లాగాలి. రెండోవైపు తిప్పితే మొన ఒక్కటే ఊడొచ్చి మనల్ని వెక్కిరిస్తుంది. వేడికి కరిగే మామూలు హాట్‌మెల్ట్ జిగురైతే ఇంతటితో లొంగుతుంది. మా బామ్మర్ది ఎపాక్సీ అంత తేలిగ్గా లొంగే రకమా? అప్పుడు నాక్ తీసేసి, వెనకనుంచి గొట్టంలోకి సన్నటి ఇనుప కడ్డీ జారవిడవాలి. మొన ఉన్న కొసకి గుడ్డ చుట్టి, బాణాన్ని నిలువుగా పట్టుకుని పైకీ కిందికీ జాడించాలి. కడ్డీ లోపలినుంచి ఇన్సర్ట్‌ని టంగుటంగున మోదుతుంది. పట్టు సడలిందో, ఠప్పున బయటపడుతుంది. గుడ్డ చుట్టకపోతే ఎవరి నుదుటికి తగులుతుందో వాళ్ల అదృష్టం.

ఊడాక బాణాన్ని ముఖానికి దూరంగా పట్టుకుని కాస్త వంచి వినాలి. చిటపటమందంటే ఇక పనికిరాదు, విరిచి పారేయాల్సిందే.

మళ్లీ అతికించడం ఆ కుర్రాడే చేశాడు, నాక్‌లు తీసి, హాట్‌మెల్ట్‌తో. "టార్గెట్ లాగితే రాకూడదు సార్, మనం వేడిచేసి అడిగితే రావాలి. ఆ జిగురే మంచి జిగురు" అన్నాడు. పీకేవాడి కష్టం తెలిసినవాడే అతికించాలని నాకప్పుడు జ్ఞానోదయమైంది.

ఆదివారం బామ్మర్ది వచ్చాడు. కథంతా విని సిగ్గుపడతాడనుకున్నాను. ఛాతీ విరుచుకున్నాడు. "చూశావా బావా! నేనొక్కణ్ని అతికించింది ఊడబీకడానికి ఇంతమంది కావాల్సొచ్చింది" అంటూ జేబులోంచి మిగిలిన ట్యూబులు తీసి, వంటింట్లో మిక్సీ జార్ పిడి వైపు ఆప్యాయంగా చూశాడు.