బ్యాటరీ సైకిలు నియమానికి టీకా తాత్పర్యం

మూలం (కేంద్ర మోటారు వాహన నియమాలు 1989, రెండవ నియమపు సారం): అర్ధగంట శక్తి పావు కిలోవాటుకు తక్కువై, గరిష్ఠ వేగము గంటకు 25 కిలోమీటర్ల లోపై, పరీక్షాసంస్థచే ధ్రువపడిన బ్యాటరీ బండి మోటారు వాహనము కానేరదు.

టీక: అర్ధగంట శక్తి = మోటారు అరగంట సేపు ఎడతెగకుండా ఇవ్వగల శక్తి; ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు క్షణకాలం పొంగేది కాదు. పరీక్షాసంస్థచే = 126వ నియమంలో చెప్పిన పుణె ఏఆర్ఏఐ వంటి సంస్థచేత; దుకాణదారు నోటిమాటచేత కాదని భావం. కానేరదు = 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి చిక్కదు. అందుచేత 3వ సెక్షన్ లైసెన్సు, 39వ సెక్షన్ రిజిస్ట్రేషన్, 146వ సెక్షన్ బీమా, 129వ సెక్షన్ హెల్మెట్ ఒక్కపెట్టున తొలగిపోతాయి. హెల్మెట్ మినహాయింపు బండికే గాని తలకు కాదని వ్యాఖ్యాత అభిప్రాయం.

పూర్వపక్షం: చట్టంలోని 2(28) నిర్వచనం, నాలుగింటికి తక్కువ చక్రాలుండి 25 సీసీకి మించని ఇంజిను బిగించిన బండినీ వదిలేసింది. బ్యాటరీ బండికి సీసీ సున్నా. సున్నా 25కు మించదు. కనుక గంటకు 80 కిలోమీటర్లు పోయే కరెంటు స్కూటరుకైనా లైసెన్సు అక్కర్లేదు గదా?

సిద్ధాంతం: వాదం ముచ్చటగా ఉంది గాని నిలవదు. ఇంజిను ఉండి, అది చిన్నదైతేనే ఆ మినహాయింపు. ఇంజినే లేనిచోట సీసీ ఎత్తడం కుందేటి కొమ్ముకు పొడవు కొలవడం. పైగా బ్యాటరీ బండికి వేరే నియమం పెట్టవలసి రావడమే పాత మినహాయింపు దానికి చాలదనడానికి జ్ఞాపకం.

ఇక 'తక్కువై' అన్నచోట సూక్ష్మం ఉంది. ఐరోపా సంఘం 2013 నాటి 168వ రెగ్యులేషన్ తొక్కుడు సాయపు సైకిళ్ల విషయంలో సరిగ్గా 250 వాట్లనూ మన్నించింది. ఇక్కడి పాఠం 250కి లోపే ఉండాలంటుంది. అక్షరం పట్టుకుంటే నిండు 250 వాట్ల మోటారు గడప అవతలే ఆగాలి. స్టిక్కరు మీద ఏ అంకె ఉన్నా, ప్రమాణం మాత్రం ధ్రువపత్రమే.

పెడళ్లున్న బండికి మరో వాక్యం ఉంది. వేగం పెరిగేకొద్దీ మోటారు సాయం తగ్గి, 25 దగ్గర పూర్తిగా తెగిపోవాలి; తొక్కడం ఆపితే ఇంకా ముందే ఆగాలి. తగిన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనుక ఎర్రది తప్పవు.

తాత్పర్యం: మెకానిక్కు చేత స్పీడ్ లాక్ తీయించిన బండి 25 దాటినదై మినహాయింపును పోగొట్టుకుంటుంది. లైసెన్సు లేకుండా దాన్ని నడిపితే 181వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని. నడిపింది మైనరైతే 2019లో చేరిన 199ఎ సెక్షన్ తండ్రినో, బండి యజమానినో పట్టుకుంటుంది: మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా.