బిన్నా

మంసాపురంలో నా చెవిన పడ్డ మొదటి తెలుగు మాట 'బిన్నా'. ఇంకా తెల్లవారలేదు. వంటింట్లోంచి వినబడింది: "లేయండి, బిన్నా లేయండి!" త్వరగా అని. మా అమ్మమ్మ మాట అది. ఆమె పోయాక ఎవరి నోటా వినలేదు. రాజపాళయం పక్కన, పడమటి కనుమల కింద ఈ ఊళ్లో అది బతికే ఉంది. దుప్పటి కిందే నా కళ్లు చెమ్మగిల్లాయి.

నేను వచ్చింది శ్రీవిల్లిపుత్తూరు కోసం. ఆ ఊరి ఆండాళ్, అంటే మన గోదాదేవి కథే కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'గా తెలుగులో రాశాడు. మంసాపురం నుంచి దగ్గర కదా అని స్నేహితురాలి బంధువుల ఇంట్లో దిగాను. విజయనగర కాలంలోనో ఆ తర్వాతి నాయకరాజుల కాలంలోనో వాళ్ల పెద్దలు ఇటు వచ్చారట. ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. బడి తమిళం, బజారు తమిళం. తెలుగు నోటిమీదే ఇంతదూరం నడిచొచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో పిల్లలతో తెలుగు మాట్లాడే నోరు తల్లిది ఒక్కటే. భర్త తిరుప్పూరులో బనియన్ల పనిలో ఉంటాడు, నెలకో రెండు నెలలకో వస్తాడు.

"బిన్నా నీళ్లు పోసుకో. బిన్నా జడకి రా. తమ్ముడి చొక్కా ఏదే? బిన్నా!"

ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద పులుసు. కొళాయి నీళ్లు వచ్చేదీ అప్పుడే. బిందె నిండేలోపు చిన్నాడి మొహం కడిగింది, కూతురి జడ సగం అల్లి కొళాయి దగ్గరికి పరిగెత్తింది, తిరిగొచ్చి మిగతా సగం అల్లింది. సాయం చేద్దామని లేస్తే, "మీరు కూర్చోండక్కా, చెప్పేలోపు నేనే చేసేస్తా" అంది. చెప్పడానికి కూడా టైం లేని పనులు అవి.

2023 ఆగస్టు నుంచి తమిళనాడులో ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిట్లో పొద్దుటి టిఫిను పెడుతున్నారు. పెద్దది రెండో తరగతి, ఉప్మానో పొంగలో అక్కడే తింటుంది. చాలా మంచి పని. ఎంతమంది తల్లులకు ఊపిరి పోసిందో.

"అయితే నీకు కాస్త టైం మిగులుతుందే" అన్నాను.

"మిగిలింది అక్కా. ముందు బస్సు పట్టుకుంటా ఉండా."

2021 నుంచి ప్రభుత్వ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. రాజపాళయంలో దిగి, ఇంకో బస్సెక్కి సత్తిరపట్టికి పోతుంది. ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే బ్యాండేజీ బట్టకు పేరుపడ్డ ఊరది. అక్కడ రోజంతా నిలబడి ఆ బట్ట మడతలు పెడుతుంది.

తిరిగొచ్చేసరికి చీకటి. కూతురి పాఠాలు తమిళం కాబట్టి పక్కన కూర్చుని తనూ తమిళంలోకి దిగుతుంది. చిన్నాడిని పడుకోబెడుతూ చెప్పే కథ కూతురి బడి పుస్తకంలోదే. కథ అయ్యేలోపు తనకే కునుకు పడుతుంది.

"పన్లో ఎంత అలిసినా పిల్లల్తో తెలుగు వదల్లేదక్కా. మా అమ్మ నాకిచ్చింది, నేను వీళ్లకియ్యాల" అంది ఆదివారం రాత్రి, మరుసటి రోజుకు పిండి రుబ్బుతూ. ఆ మాట నా గుండెలో నిలిచిపోయింది. అంత పనిలోనూ భాషను చంకనెత్తుకుని మోస్తున్న మనిషి అనిపించింది.

నా వంతుగా ఏదైనా చేద్దామని పిల్లలిద్దర్నీ వసారాలో పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఆండాళ్ కథ చెప్పనా?"

"నాకు తెలుసు. టీచరు చెప్పింది."

"నేను తెలుగులో చెప్తాను."

పెద్దది నా మొహంలోకి చూసింది. ఆటపట్టిస్తున్నానేమో అనుకుంది. నేను నవ్వకపోయేసరికి వంటింటి గుమ్మం వైపు తిరిగి తల్లిని చూసింది. లోపల గ్రైండరు ఆగింది.

"తెలుగులో కతలు గూడ ఉంటాయా పెద్దమ్మా? తెలుగు బస్సు వచ్చేదాకనే గదా!"