కాటా చీటీ

1997 జనవరిలో మా వాడు పుట్టాడు. ఆ రాత్రి నేను ఇంట్లో లేను. బోధన్‌లో నిజాం షుగర్స్ గేటు బయట, చెరుకు బండితో వరుసలో ఉన్నాను. గానుగ సీజన్ జోరు మీదుంది. తెల్లవారుజామున నా బండి కాటా ఎక్కింది, చీటీ చేతికొచ్చింది. అప్పుడే మా తమ్ముడు సైకిల్ మీద వచ్చి, ‘‘అన్నా, కొడుకు పుట్టిండు’’ అన్నాడు. ఆ చీటీ వెనకే తేదీ, వేళ రాసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంట్లోనే కాన్పు. పంచాయతీలో రాయించలేదు. అప్పట్లో మా ఊళ్లో రాయించినవాళ్లు తక్కువ. ఆ నిర్లక్ష్యమే తర్వాత నాకు ఆయుధమైంది.

మా వాడికి హాకీ అంటే ప్రాణం. నిజామాబాద్ గడ్డకు ఆ ఆట కొత్త కాదు. యెండల సౌందర్య ఇక్కణ్నుంచే వెళ్లి భారత మహిళల జట్టులో ఫార్వర్డ్‌గా ఆడింది. వాడు బాగానే ఆడేవాడు. బాగా అంటే, పది మందిలో మూడోవాడో నాలుగోవాడో. 2010లో అండర్-14 జిల్లా ఎంపికలో పేరు రాలేదు. వాడు రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు స్టిక్ పట్టుకుని మైదానానికి వెళ్లిపోయాడు. మరచిపోలేనిది నేనే.

మరుసటి ఏడాది నిఖత్ జరీన్ గెలిచింది. టర్కీలోని అంటాల్యాలో జరిగిన జూనియర్, యూత్ మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీల్లో మన నిజామాబాద్ పిల్ల బంగారు పతకం తెచ్చింది. అప్పటికి పదిహేనేళ్లు నిండలేదు. ఏ హోటల్లో చాయ్ తాగినా ఆ అమ్మాయి మాటే. పేపర్లో ఆమె పక్కన నాన్న జమీల్ అహ్మద్ ఫోటో చూశాను. నా చూపు పతకం మీద ఆగలేదు, ఆ తండ్రి ముఖం మీద ఆగింది. ఆ చోట నేనుండాలనుకున్నాను. నా తప్పుకు మొదలు అక్కడ. కొడుకు ఆట మీద ప్రేమతో చేశానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది అబద్ధం.

ఆ జూన్‌లో వాణ్ని కొత్త బడిలో చేర్చాను. అంతకుముందు చదివిన చిన్న ప్రైవేటు బడి మూతపడింది, రిజిస్టర్లు ఎటుపోయాయో ఎవరికీ తెలియదు. అఫిడవిట్ ఒకటి రాయించి, పుట్టిన తేదీ 1999 జూన్ అని పెట్టించాను. దాదాపు రెండున్నరేళ్లు కోసేశాను. తొమ్మిదిలో కూర్చోవలసిన పిల్లవాడు ఏడో తరగతిలో కూర్చున్నాడు. ‘‘ఎందుకు నాయినా?’’ అని అడిగాడు. ‘‘నీ మంచికే’’ అన్నాను. వాళ్లమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక చూడాలి మైదానంలో! కాగితం మీద పన్నెండేళ్లు, కాళ్లల్లో పద్నాలుగేళ్లు. గట్టిగా ఒక హిట్ కొట్టి బంతి వెనక పరుగెత్తితే అందుకునేవాడు లేడు. రెండేళ్లు అండర్-14లో గోల్స్ మీద గోల్స్. రేపటి ఆటగాడు అన్నారు. పెద్ద పెద్ద కోచ్‌లు భుజం తట్టారు. నేను లైను పక్కన నిలబడి ఆ మాటలన్నీ తాగాను.

ఆ జట్టులోకి రావలసిన పిల్లవాడు ఇంకొకడున్నాడు. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. కానీ బంతి వాడి స్టిక్‌కు అతుక్కుపోయేది. మా గులకరాళ్ల నేల మీద ఎగిరొచ్చే బంతిని చేతిలో పట్టినట్టు ఆపేవాడు. రెండేళ్లూ జాబితాలో చివరి పేరు దగ్గర ఆగిపోయాడు, ఎందుకంటే ఫార్వర్డ్ చోటు మా వాడిది. ఒక సాయంత్రం మా వాడు అన్నం కలుపుతూ ఆగి, ‘‘వాడు నన్ను ‘అన్నా’ అంటడు నాయినా. కాగితాల మాత్రం వాడే నాకన్న పెద్దోడు’’ అన్నాడు. ‘‘తిను’’ అన్నాను. అంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏముంది?

2013లో ఒక శిబిరానికి ఎంపికైనప్పుడు వైద్య పరీక్ష అన్నారు. వయసు మోసాన్ని అరికట్టడానికి కేంద్ర క్రీడల శాఖ 2010లోనే నియమావళి తెచ్చిన సంగతి నాకు తెలియదు. పళ్లు చూస్తారు, మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. పిల్లల మణికట్టులో, ఎముకల చివర పెరిగే పొర ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అది ఎముకతో కలిసిపోతుంది. ఎంత కలిసిందో చూసి వయసు అంచనా కడతారు. మా వాణ్ని వెనక్కి పంపేశారు. బస్సులో నిజామాబాద్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. బోధన్ బస్సు ఎక్కేముందు మాత్రం, ‘‘అందరి ముందు అడిగిర్రు నాయినా, నువ్వు పుట్టిందెప్పుడు అని’’ అన్నాడు.

తర్వాత పెద్దవాళ్లతో ఆడి చూశాడు. అక్కడ అసలు నష్టం బయటపడింది. రెండేళ్లు బలం మీదే గెలిచాడు కాబట్టి, బంతిని ఆపడం, ఒడుపుగా తిప్పడం, ఎదుటివాడి ఎడమవైపు నుంచి జారుకోవడం ఏదీ నేర్చుకోవలసిన అవసరం వాడికి రాలేదు. తనంత బలమున్న వాళ్లు ఎదురైతే వాడి చేతిలో ఏమీ మిగల్లేదు. పందొమ్మిదేళ్లకు ఆపేశాడు.

చాలా ఏళ్ల తర్వాత కెనడా సంగతి ఒకటి చదివాను. అక్కడ మంచు మీద ఆడే హాకీకి ఊరూరా జూనియర్ జట్లుంటాయి. ఆల్బర్టా రాష్ట్రంలో లెత్‌బ్రిడ్జ్ అనే పట్నం ఉంది. ఆ ప్రాంతమూ చక్కెర సీమే, కాకపోతే చెరుకు కాదు, చక్కెర దుంపలు. 1980లలో రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త భార్యతో కలిసి అక్కడ ఒక జూనియర్ మ్యాచ్‌కి వెళ్లాడు. ఆటగాళ్ల వివరాల పుస్తకం తిరగేస్తుంటే, ఇంతమంది ఏడాది మొదటి నెలల్లోనే పుట్టారేమిటని ఆవిడకు అనుమానం వచ్చింది. లెక్క తీస్తే నిజమే. వయసు జనవరి ఒకటి నుంచి కట్టడం వల్ల జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడి కన్నా దాదాపు ఏడాది పెద్ద. తొమ్మిదేళ్లప్పుడు ఆ తేడా కొండంత. పెద్దవాణ్నే ప్రతిభావంతుడంటారు, మంచి కోచ్‌ను వాడికే ఇస్తారు, డిసెంబరు పిల్లవాడు ఇంటికి పోతాడు. బార్న్‌స్లీ 1985లో ఇది ప్రచురించాడు.

ఎవరూ మోసం చేయకుండానే, కొన్ని నెలల తేడా అంత పని చేస్తుంది. నేను దానికి రెండున్నరేళ్లు కలిపాను. మా వాడు పుట్టిందీ జనవరిలోనే!

నిఖత్ దారి ఇంకోలా సాగింది. ఆమెకు బాక్సింగ్ నేర్పిన శంసాముద్దీన్ దగ్గర అప్పుడు ఆడపిల్లలు లేరు. తనకన్నా బలమైన మగపిల్లలతో తలపడి, దెబ్బలు తిని, నేర్చుకుంది. అంటాల్యా పతకం తర్వాత కూడా ఆమెకు అంతా పూలదారి కాలేదు. 2017లో భుజం కీలు జారి చాలా నెలలు ఆటకు దూరమైంది. పెద్దల ప్రపంచ టైటిల్ ఇస్తాంబుల్‌లో చేతికి వచ్చేసరికి 2022 మే. జూనియర్ బంగారానికీ ఆ బంగారానికీ మధ్య పదకొండేళ్లు. బలమైనవాళ్ల ముందు నిలబడి ఆ పిల్ల ఆట నేర్చుకుంది. నేను నా కొడుకును చిన్నపిల్లల మధ్య నిలబెట్టాను. ఆమె తండ్రి చోటులో ఉండాలనుకున్నవాణ్ని, ఆ ఒక్క సంగతి చూడలేకపోయాను.

ఆ పొట్టి పిల్లవాణ్ని మూడేళ్ల కింద కలిశాను. చెరుకు ట్రాక్టరు నడుపుతున్నాడు. నేను చేసింది చెప్పాను. కాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఊరుకున్నాడు. ‘‘నాకు ఆట రాదనుకున్న కాకా. అందుకే ఇడిసిపెట్టిన’’ అన్నాడు.

మా వాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో ఇప్పటికీ 1999 జూనే. ఫారం నింపిన ప్రతిసారీ నా అబద్ధం తన చేత్తో రాయాలి. పిల్లలు పుట్టినప్పుడు మాత్రం ఆసుపత్రి కాగితం పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు తనే వెళ్లాడు. నన్ను రమ్మనలేదు.

నిజాం షుగర్స్ వారి శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ ఇచ్చిన కాటా చీటీ నా ట్రంకు పెట్టెలో ఉంది. ముందువైపు టన్నుల లెక్క మసకబారింది. వెనకవైపు నా రాత ఇంకా కనబడుతుంది. మా వాడు నిజంగా పుట్టిన తేదీ ఉన్న కాగితం అదొక్కటే.